మేనల్లుడికి, సహాయనిధి దరఖాస్తు గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి ఆసుపత్రి ఖర్చు కోసం వడ్డీకి తేకుండా, ముఖ్యమంత్రి సహాయనిధికి నువ్వే దరఖాస్తు పెడతానన్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇరవై రెండేళ్ల పిల్లవాడు నూటికి మూడు రూపాయల వడ్డీ జోలికి పోకుండా ఆగినందుకు గర్వపడ్డాను. కానీ బిల్లుల కవరు నీ బండి డిక్కీలోనే తిరుగుతోందని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ముందు దాన్ని తీసి బీరువాలో పెట్టి, ఆ తరువాత ఈ ఉత్తరం చదువు.

ప్రమాదం జరిగిన రాత్రి బావను చేర్చిన ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో లేకపోవడం మీ తప్పు కాదు. మన తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు గానీ, జాబితాలో లేని ఆసుపత్రిలో చేరినవారికి అందులో ఒక్క రూపాయీ అక్కరకు రాదు. సహాయనిధి అటువంటివారి కోసమే ఉన్నా, అది పింఛను వంటి హక్కు కాదు. దాతలు ఇచ్చిన సొమ్ములోనుంచి ప్రభుత్వం తన విచక్షణ మేరకు ఇచ్చేది కనుక, కట్టిన బిల్లంతా తిరిగి వస్తుందని ఆశ పెట్టుకుని ఎవరికీ మాట ఇవ్వవద్దు.

కాగితాల సంగతి నీకు తెలిసే ఉంటుంది: ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఎమ్మెల్యే సిఫారసు లేఖ. రేషన్ కార్డులో మీ నాన్న పేరు లేకపోతే మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి ఈ వారమే పెట్టు.

ఇక నేను చేసిన తప్పు. 2016లో మీ అత్తమ్మకు కడుపులో గడ్డ ఆపరేషన్ అయినప్పుడు, అడ్మిషన్ కౌంటరులోని అమ్మాయి పేరు అడిగితే ‘సుజాత’ అని చెప్పాను. ‘ఆధార్‌లో కూడా ఇదేనా సార్?’ అని ఆమె రెండుసార్లు అడిగింది. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, నా భార్య పేరు నాకు తెలియదా అని ఆమె మీద విసుక్కున్నాను. నిజానికి సుజాత అనేది పెళ్లినాడు మా అమ్మ పెట్టిన పేరు. ఆధార్‌లో, పాసుపుస్తకంలో ఆమె పుట్టింటి పేరు మల్లమ్మ అనే ఉంది. పదకొండు రోజులలో పోగైన ప్రతి బిల్లు మీదా, ప్రతి రిపోర్టు మీదా సుజాతే. సహాయనిధికి పెట్టిన దరఖాస్తు వెనక్కి వచ్చినప్పుడు, ఈ సుజాత ఎవరు, ఈ మల్లమ్మ ఎవరు అని గుమాస్తా అడిగితే, ఇద్దరూ ఒకరేనని చూపడానికి నా దగ్గర పెళ్లి శుభలేఖ తప్ప మరేమీ లేదు. పేరు మార్చి బిల్లు మళ్లీ ఇవ్వమని ఆసుపత్రి చుట్టూ ఐదు నెలలు తిరిగాను. ఆలోగా కుదువపెట్టిన ఆమె పుస్తెలతాడు వేలానికి పోయింది. ఆమె పసుపు కొమ్ము కట్టుకుని తిరిగినన్నాళ్లు ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే నాకు కొంత తేలికగా ఉండేది. కాబట్టి బావ పేరు, ఇంటిపేరు, వయసు ప్రతి కాగితంలో అక్షరం అక్షరం సరిచూసుకో. తేడా ఉంటే ఆసుపత్రివాళ్లు మిమ్మల్ని మరిచిపోకముందే దిద్దించుకో.

నాకున్న మరొక భయం దళారులు. ‘ఒరిజినల్స్ ఇవ్వు, వచ్చినదాంట్లో సగం నాకు’ అనేవాడు నిన్ను తప్పక వెతుక్కుంటూ వస్తాడు. దొంగ బిల్లులతో ఈ నిధి సొమ్ము కాజేశారని 2024లో సీఐడీ ఆసుపత్రుల మీదే కేసులు పెట్టింది. అటువంటి కట్టలో మీ నాన్న బిల్లు కలిస్తే నిజం కూడా అబద్ధమైపోతుంది. ఆ ఏడాది జూలై నుంచి దరఖాస్తులు ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారు. ఒక కోడ్ వస్తుంది, చెక్కు మీద దరఖాస్తుదారు ఖాతా నంబరు ఉంటుంది, కనుక మధ్యవాడితో నీకు పని లేదు. ఒరిజినల్స్ అప్పగించే ముందు రెండు సెట్లు జిరాక్సు తీయించు. చెక్కు గడువు మూడు నెలలే, చేతికి వచ్చిన రోజే బ్యాంకులో వెయ్యి.

మీ నాన్నకు ఇక చేయాల్సిన రెండో ఆపరేషన్ విషయం వేరు. అది ఆరోగ్యశ్రీలో అవుతుందేమో ముందు 104కు ఫోను చేసి అడుగు. కాదంటే, నిమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు సంతకంతో ఎస్టిమేషన్ తీసుకుని, చేరకముందే, ఆ ఖర్చు తాను కడతానని ప్రభుత్వం ఆసుపత్రికి రాసిచ్చే లేఖకు, అంటే ఎల్‌ఓసీకి పెట్టాలి. ఆ డబ్బు మీ చేతికి రాదు, నేరుగా ఆసుపత్రికే పోతుంది. అందువల్ల అప్పు చేయాల్సిన పని ఉండదు. మొన్నటిలాగా ముందు కట్టేసి తరువాత చూద్దామనుకోవద్దు.

ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో వరుసలో నిలబడడానికి మీ నాన్న చిన్నబుచ్చుకుంటున్నాడట. ఆయనను తీసుకుపోవద్దు, నేను వస్తాను. సోమవారం మొదటి బస్సుకు బయలుదేరుతాను. మీ అమ్మను నా కోసం వంట పెట్టుకోవద్దను, సద్ది కట్టుకుని వస్తాను. ఈలోగా ఆధార్ ఫొటో, మొదటి బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపు. పేరు నేనొకసారి చదువుకుంటాను.

మీ మామయ్య