‘పిలిచాయి’ అనాలా, ‘పిలిచాయట’ అనాలా?

సందేహం: మాది హనుమకొండ. మ్యాజికల్ రియలిజం పద్ధతిలో, అంటే మామూలు బతుకులోనే వింతలు సహజంగా జరిగిపోయేట్టు, ఒక నవల రాస్తున్నాను. పెద్దగా మాట్లాడని ఎనిమిదేళ్ల పిల్ల, తనకు ఊహ తెలియకముందే పోయిన నాయనమ్మ పాటను వెతుక్కుంటూ చెరువు తూము దగ్గరికి పోతుంది. అక్కడ నీళ్లు ఆమెను పేరు పెట్టి పిలుస్తాయి. ‘నీళ్లు పిలిచాయి’ అనాలా, ‘పిలిచినట్టు అనిపించింది’ అనాలా, పాత కథల్లోలాగ ‘పిలిచాయట’ అనాలా?

సమాధానం: ‘పిలిచాయి’ అనే రాయండి, టెన్షన్ వద్దు. ‘అనిపించింది’ అన్నారంటే అదంతా పిల్ల భ్రమ అని మీరే తేల్చేసినట్టు, ఇక చదివేవాళ్లు నమ్మడానికి ఏమీ మిగలదు. ‘అట’తో చిక్కు వేరు. నేను చూడలేదు, ఎవరో చెప్తే విన్నాను, పూచీ నాది కాదు అని చెప్పే మాట అది. ‘అనగనగా ఒక రాజు ఉండేవాడట’ అన్నప్పుడు హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ కథకు సాక్షి ఎవరూ లేరు. మీ కథకు సాక్షి ఉంది, ఆ పిల్ల చెవులారా వింది.

మేడారం సంగతే చూడండి. చిలుకలగుట్ట నుంచి పూజారులు తెచ్చేది కుంకుమ భరిణె, అయినా జాతరకు పోయొచ్చినవాళ్లు ‘సమ్మక్క గద్దె మీదికి వచ్చింది’ అనే అంటారు, వచ్చినట్టు అనిపించింది అనరు. మొక్కుగా ఇచ్చే బెల్లం కూడా అక్కడ బంగారమే, ‘బంగారం లాంటి బెల్లం’ కాదు. మామూలుకు అందని సంగతిని మామూలు క్రియతో చెప్పడం మన వాడుకలో ఉన్నదే, నవల కోసం కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు.

అలాగని ‘అట’ను వదులుకోకండి, ఊళ్లోవాళ్ల నోట పెట్టండి. పిల్ల మాట్లాడదు కాబట్టి ఆమె గురించి మాట్లాడేది వాళ్లే కదా. ‘తూము కాడ నీళ్లు పిలిచినయంట’ అని ఒకరు అంటే అందులో భయం వినిపిస్తుంది, ఇంకొకరు అంటే ఎత్తిపొడుపు. ‘అంట’ తప్పు కాదు, మన వైపు పలుకు అదే, సంభాషణల్లో దాన్ని దిద్దకండి.

ఇదే ‘అట’ ‘నేను’తో కలిస్తే మరో అర్థం వస్తుంది. ‘చిన్నప్పుడు జాతరలో తప్పిపోయాను’ అంటే నాకు గుర్తుంది, ‘తప్పిపోయానట’ అంటే గుర్తులేదు, ఇంట్లోవాళ్లు చెప్పారు. మీ పిల్ల నోరు విప్పే చోటు ఒక్కటైనా ఉంటే, అక్కడ ‘నేను ఆ పాట వినుకుంటనే పండుకునేదాన్నంట’ అనిపించండి. పాట ఆమెకు గుర్తులేదని మీరు విడిగా రాయనక్కర్లేదు.