ఆవిరి యంత్రం కంటే ముందు నీటి చక్రం

ఆవిరి యంత్రం వల్లే ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు పుట్టాయని రాస్తే మార్కులు ఎందుకు తగ్గాయని అడిగారు కదండీ. వరస తిరగబడింది, అందుకే. 1771లో ఇంగ్లండ్‌లోని క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్లో రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే వ్యాపారి మొదలుపెట్టిన నూలు మిల్లు నడిచింది నీటి చక్రంతో. న్యూకామెన్ తయారుచేసిన ఆవిరి యంత్రం 1712 నుంచే ఉన్నా, ఎక్కువగా గనుల్లో నీళ్లు తోడటానికే వాడారు. ఆ యంత్రంలో పిస్టన్ కదిలే ప్రతిసారీ, ఆవిరి నిండే సిలిండర్‌ను వేడి చేసి, మళ్లీ చల్లార్చాలి. బొగ్గు విపరీతంగా తినేది. గని దగ్గర బొగ్గు చవక కాబట్టి గిట్టింది. ఆవిరిని సిలిండర్ బయట విడిగా చల్లార్చే జేమ్స్ వాట్ పద్ధతి (పేటెంట్ 1769) ఆ ఖర్చు బాగా తగ్గించింది.

ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు పుట్టడానికి కారణాల్లో, అక్కడ కూలి ఎక్కువ, బొగ్గు చవక అన్న పాయింట్ ముందు పెట్టండి. మన మచిలీపట్నం లాంటి చోట్ల నుంచి వెళ్లిన అద్దకం బట్టల పోటీ కూడా తప్పక రాయండి. అలాంటి బట్టల వాడకాన్ని బ్రిటన్ 1721లో చట్టంతోనే ఆపాల్సి వచ్చింది!