తెల్లవారుజామున లేవలేకపోతున్నాను... నేను బద్ధకస్తురాలినా?

ప్రశ్న: నా వయసు 32. ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో మావారు, ఐదేళ్ల పాప, అత్తగారు. ఆఫీసులో ప్రమోషన్ కోసం ఒక పరీక్ష రాయాలి. ఇంకా ఎనిమిది నెలలుంది. పగలు చదవడం కుదరదు కాబట్టి రోజూ ఐదింటికి లేచి చదువుకోవాలని ఏడాదిగా అనుకుంటున్నాను. రెండు మూడు రోజులు లేస్తాను. నాలుగో రోజు అలారం ఎప్పుడు ఆపేశానో కూడా గుర్తుండదు. ఏడింటికి హడావుడిగా లేచి, పాప మీద అరిచి, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తున్నాను. రాత్రి పాప నిద్రపోయాక ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట అవుతోంది. మా ఆడపడుచు నాలుగున్నరకే లేచి పనులన్నీ చక్కబెట్టుకుంటుందని అత్తయ్యగారు అంటుంటారు. మావారేమో ‘నీకు విల్‌పవర్ లేదు’ అంటారు. మోటివేషన్ వీడియోలు చూసిన రోజు ఉత్సాహం వస్తుంది, మర్నాటికి పోతుంది. ఈ బద్ధకాన్ని ఎలా వదిలించుకోవాలి?
– ఒక సోదరి

జవాబు: ఉద్యోగం, ఇల్లు, పాప, దాని మీద పరీక్ష... ఇన్ని పెట్టుకున్న మనిషి బద్ధకస్తురాలు ఎలా అవుతుందమ్మా? మీరు ఐదు గంటల గురించి అడిగారు గానీ నా దృష్టి ఒంటిగంట మీదే ఆగింది. ఒంటిగంటకు పడుకుని ఐదింటికి లేస్తే నిద్ర నాలుగు గంటలు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి. అంటే మూడు రోజులు వరసగా లేచేసరికి తొమ్మిది గంటల నిద్ర బాకీ పడ్డారు. నాలుగో రోజు శరీరం ఆ బాకీ వసూలు చేసుకుంటోంది. విల్‌పవర్ ఎంతున్నా ఈ లెక్క మారదు.

మరి ఒంటిగంట దాకా ఫోన్ ఎందుకు చూస్తున్నారు? పొద్దున లేచినప్పటి నుంచి పాప పడుకునే వరకు మీకంటూ ఒక పది నిమిషాలు ఉన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. రోజంతా ఆఫీసుకు, ఇంటికి పోయాక మిగిలే ఆ చీకటి గంటలే మీవి. నిద్ర ముంచుకొస్తున్నా వాటిని వదులుకోబుద్ధి కావడం లేదు. అడ్డమేమీ లేకపోయినా జనం పడుకోవడాన్ని ఎందుకు వాయిదా వేస్తారని నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. అంత మామూలు సంగతి ఇది. కాబట్టి ‘ఫోన్ పక్కన పెట్టేయండి’ అని సలహా చెప్పి ఊరుకుంటే లాభం లేదు. ఫోన్ తీసేస్తే ఆ ఖాళీ సమయం కూడా పోతుంది. రెండు రోజుల్లో మళ్లీ అదే దారి పడతారు.

అందుకే మొదట చేయాల్సిన పని అలారంతో కాదు, మీవారితో. ‘మీరు నాకు ఏ సాయమూ చెయ్యరు’ అని మొదలుపెడితే అది గొడవగానే ముగుస్తుంది. అడిగేది ఒక్కటే అడగండి, టైము చెప్పి మరీ అడగండి. ‘పరీక్ష అయ్యేదాకా రోజూ రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు పాపను మీరు చూసుకోండి, నిద్రపుచ్చే పని కూడా మీదే’ అనండి. మొదటి వారం పాప ‘అమ్మే కావాలి’ అని ఏడుస్తుంది. మీరు గదిలోకి పరుగెత్తకండి. నాన్న పక్కన పడుకోవడం పాపకూ అలవాటవ్వాలి. విల్‌పవర్ గురించి మాట్లాడే మనిషికి రోజుకు ఒక గంట ఇవ్వడం పెద్ద కష్టం కాకూడదు (ఈ మాట మాత్రం ఆయనతో అనకండి, పని చెడుతుంది).

ఆ గంటలో చదవకండి. అది పూర్తిగా మీది. సీరియల్ చూస్తారో, స్నేహితురాలితో కబుర్లే చెబుతారో, ఇప్పుడు ఒంటిగంట దాకా చూసే ఫోన్ అప్పుడే చూస్తారో, మీ ఇష్టం. ఆ తర్వాత ఫోన్‌ను పడకగది బయట చార్జింగ్‌కు పెట్టేయండి. పొద్దున లేవడానికి విడిగా ఒక అలారం గడియారం కొనుక్కోండి. మంచం మీద నుంచి చెయ్యి చాపితే అందనంత దూరంలో పెట్టండి. పాప బ్యాగు, మర్నాటి బట్టలు కూడా రాత్రే సర్దేస్తే పొద్దున అరుపులు చాలావరకు తగ్గుతాయి.

ఇక లేచే సంగతి. ఐదింటిని ప్రస్తుతానికి మర్చిపోండి. ఆ అంకెలో మహత్తు ఏమీ లేదు. ఇప్పుడు ఏడింటికి లేస్తున్నారు కదా, ముందు ఆరు చాలు. అదీ ఒక్కసారిగా వద్దు. ఐదు రోజులు ఆరూ ముప్పావుకు, తర్వాత ఐదు రోజులు ఆరున్నరకు... ఇలా పావుగంట చొప్పున జరుపుకుంటూ వస్తే మూడు వారాల్లో ఆరింటికి వస్తారు. పడుకునే టైమును కూడా దాంతో పాటే పదిన్నర వైపు జరుపుతూ రండి. ఆరు గంటలు స్థిరపడ్డాక, కావాలంటే, ఇంకో పావుగంట ముందుకు వెళ్లొచ్చు. పదిన్నరకు నిద్రపోయి ఐదూ ముప్పావుకు లేచినా ఏడు గంటల పైనే నిద్ర ఉంటుంది. ఆరూ ముప్పావు దాకా ఒక గంట చదువూ అవుతుంది. మీ పరీక్షకు రోజూ తప్పకుండా అందే ఆ గంట, వారానికి రెండు రోజులు మాత్రమే దొరికే రెండు గంటల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంత నెమ్మదిగా ఎందుకంటే, నిద్రనూ మెలకువనూ నడిపే గడియారం ఒకటి మన మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఉంటుంది. శరీరంలోని ఈ గడియారం కణాల స్థాయిలో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. చాలామందిలో అది 24 గంటల కంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, తొందరగా పడుకోవడం కష్టం. పొద్దుటి వెలుతురు దాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుతురు వెనక్కి లాగుతుంది. లేచాక వెలుతురు రాగానే ఒక పది ఇరవై నిమిషాలు ఆరుబయట ఉండండి. మబ్బు పట్టిన రోజైనా సరే, బయటి వెలుతురు ఇంట్లో బల్బుల కంటే చాలా ఎక్కువ. పుస్తకం అక్కడికే తీసుకెళ్లినా మంచిదే.

నిద్ర లేచిన మొదటి పావుగంట, అరగంట బుర్ర మొద్దుబారి ఉండటం ఎవరికైనా సహజం. ‘ఈ ఒక్కరోజుకీ పడుకుందాం’ అనే ఆలోచన వచ్చేది అప్పుడే. అందుకే పొద్దున ఏ నిర్ణయమూ మిగలకుండా రాత్రే తేల్చేయాలి. ‘అలారం మోగగానే లేచి వెళ్లి లైటు వేస్తాను, ముఖం కడుక్కుని కుర్చీలో కూర్చుంటాను’ అని ఒక కాగితం మీద రాసుకోండి. చదవాల్సిన పేజీ తెరిచి టేబుల్ మీద పెట్టి పడుకోండి. ఇలా ‘ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే అనుకున్నవాళ్లు ఊరికే ‘చేయాలి’ అనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా ఆ పని చేస్తున్నారని మనస్తత్వ పరిశోధనల్లో చాలాసార్లు తేలింది.

సాయంత్రం కాఫీ, టీ అలవాటుంటే మధ్యాహ్నంతో ఆపేయండి. ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ సుమారు సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆదివారం మరో గంట పడుకోవచ్చు, అంతకు మించి వద్దు. తొమ్మిది దాకా పడుకుంటే సోమవారం మళ్లీ మొదటికొస్తారు.

మోటివేషన్ వీడియోలు నాకు పెద్దగా నచ్చవు. చూస్తున్నంతసేపూ ఏదో సాధించేసిన తృప్తి కలుగుతుంది, పని మాత్రం అక్కడే ఉంటుంది. ఉత్సాహం వచ్చాక కూర్చుందామని చూడకండి. ముందు కూర్చుంటే, ఉత్సాహం చాలాసార్లు మెల్లగా వెనకే వస్తుంది. ఒంట్లో ఓపిక లేని రోజు ‘పది నిమిషాలే’ అనుకుని మొదలుపెట్టండి. పది నిమిషాల తర్వాత లేవాలనిపిస్తే నిజంగానే లేచిపోండి, తప్పు లేదు. గోడ మీది క్యాలెండర్‌లో ఎన్నింటికి లేచారో రాయకండి. ఎన్ని పేజీలు చదివారో రాయండి. మీరు పాసవ్వాల్సింది ఆ పరీక్ష. ఐదింటికి లేవడానికి ఎవరూ ప్రమోషన్ ఇవ్వరు. రెండు నెలలు ప్రయత్నించాక కూడా పొద్దున చదువు ఎక్కకపోతే, లంచ్ టైములో అరగంట, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది వరకు ఇంకో అరగంట పెట్టుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మధ్యలో తప్పే రోజులు ఉంటాయి. పాపకు జ్వరం వస్తుంది, చుట్టాలు వస్తారు. 21 రోజుల్లో అలవాటైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. లండన్‌లో 96 మందిని గమనించిన ఒక అధ్యయనంలో కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ లేదని కూడా అందులోనే తేలింది. మీరు నాలుగో రోజు లేవకపోగానే ‘ఇక నావల్ల కాదు’ అని నెల్లాళ్లు వదిలేస్తున్నారని నా అనుమానం. ఏడాదిలో ఎక్కువ భాగం అలాగే పోయి ఉంటుంది. తప్పిన మర్నాడు మళ్లీ అదే టైముకు అలారం పెట్టండి, చాలు.

అత్తయ్యగారి మాటల గురించి. మీ ఆడపడుచు నాలుగున్నరకు లేస్తారు సరే, ఎన్నింటికి పడుకుంటారు? ఒకసారి ఆమెనే మామూలుగా అడిగి చూడండి. తొమ్మిదికే పడుకుంటుంటే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. కొంతమందికి పుట్టుకతోనే పెందలాడే మెలకువ వస్తుంది. వయసు పెరిగాక చాలామందికి అలాగే అవుతుంది. అత్తయ్యగారికి నిద్రశాస్త్రం చెప్పి ఒప్పించాలని చూడకండి. ‘పరీక్ష దాకా పొద్దున ఆరు నుంచి ఏడు వరకు నన్ను పిలవకండి అత్తయ్యా’ అని అడగండి. పోలిక పెట్టే మనిషికి ఒక బాధ్యత అప్పగిస్తే ఒక్కోసారి ఆవిడే మీ తలుపు దగ్గర కాపలా ఉంటారు.

చివరిగా ఒక జాగ్రత్త. మూడు నాలుగు వారాల పాటు ఏడు గంటలకు తగ్గకుండా నిద్రపోయినా పగలంతా నీరసంగా, తూలుతున్నట్టు ఉంటే డాక్టర్‌ను కలవండి. రక్తహీనత, థైరాయిడ్ సమస్య, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగడం... వీటిలో ఏదున్నా ఎన్ని అలారాలు పెట్టినా ఫలితం ఉండదు. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకుండా, ఊరికే ఏడుపు వస్తూ, నిద్రా ఆకలీ మారిపోయి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లండి. వెళ్లేముందు రెండు వారాల పాటు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో, పగలు ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. గురక పెడుతున్నారో లేదో మీవారిని అడిగి అదీ రాయండి.