పేర్ల పట్టికలో కోరహు వంశం

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. బైబిలు ఏడాదిలో పూర్తి చేయాలని మొదలుపెట్టి మొదటి దినవృత్తాంతముల దగ్గర ఆగిపోయాను. తొమ్మిది అధ్యాయాలూ పేర్లే. వదిలేసి ముందుకెళ్తే తప్పా? ఇంకో సంగతి. మా మామగారూ, వాళ్ల నాన్నగారూ ఇద్దరూ తాగుడుతోనే పోయారు. ఇంటికి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఇది వంశ శాపమనీ, నాలుగు తరాల పేర్లు కాగితం మీద రాసిస్తే ప్రార్థన చేసి తెంచుతాననీ అన్నారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి అది విన్నప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు. నాకూ టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: వదిలేయకండమ్మా. మీ రెండో ప్రశ్నకు జవాబు మీరు ఆగిపోయిన ఆ పేర్లలోనే ఉంది.

6వ అధ్యాయం 33వ వచనం తీయండి. దావీదు నియమించిన గాయకుడు హేమాను. అతని తండ్రి యోవేలు, తాత సమూయేలు ప్రవక్త. ఈ యోవేలు సంగతి మొదటి సమూయేలు 8వ అధ్యాయంలో ఉంది. బెయేర్షెబాలో న్యాయాధిపతిగా ఉండి, తమ్ముడు అబీయాతో కలిసి లంచాలు తిన్నాడు. మాకు రాజు కావాలని పెద్దలు పట్టుబట్టినప్పుడు చెప్పిన కారణాల్లో వీళ్ల నడవడి ఒకటి. సమూయేలు మంచితనం కొడుకుకి అబ్బలేదు. ఆ కొడుకు లంచాల మచ్చ మనవడి పాటకి అడ్డు రాలేదు. హేమానుకు 14 మంది కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. వాళ్లూ తండ్రి చేతికింద మందిరంలో పాడేవాళ్లని మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం చెబుతుంది.

అదే పట్టికలో ఇంకా పైకి వెళ్తే 37వ వచనంలో కోరహు కనిపిస్తాడు. అవును, మోషే మీద తిరగబడి, యాజకత్వం తనకూ కావాలన్న కోరహే. భూమి నోరు తెరిచి మింగింది. కానీ సంఖ్యాకాండం 26:11లో చాలామంది గమనించని చిన్న మాట ఒకటి ఉంది: కోరహు కుమారులు చావలేదు. ఆ మిగిలినవాళ్ల సంతతే తర్వాత మందిర ద్వారపాలకులయ్యారు. కీర్తనల్లో 11 వాళ్ల పేరు మీదే ఉన్నాయి. దేవుని మందిర ద్వారం దగ్గర ఉండటమే నాకిష్టం అనే 84వ కీర్తన వాళ్లదే. గుమ్మం దాటి లోపలి పదవి లాక్కోవాలని చూసినవాడి వంశంలోంచి ఆ మాట వచ్చింది! నాకు ఆ కీర్తనంటే ప్రాణం.

అసలు ఇన్ని పేర్లు ఎందుకు రాశారంటే, బబులోను చెర నుంచి తిరిగొచ్చిన జనానికి ఇవి పొలం కొనేటప్పుడు మనం అడిగే లింకు డాక్యుమెంట్లలాంటివి. వంశావళిలో పేరు దొరకని వాళ్లను యాజకత్వం నుంచి పక్కన పెట్టారని ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది. అంత పట్టింపుగా ఉన్న రోజుల్లో కూడా కోరహు పేరు కొట్టేయలేదు. అతని వంశస్థుడిని గాయకుల వరసలోంచి తీసేయలేదు.

ఆ ప్రసంగీకుడు నిర్గమకాండం 20:5 చూపించి ఉంటారు. మూడు నాలుగు తరాల మాట అక్కడ ఉన్నది నిజమే. అది దేవుణ్ణి ద్వేషించేవారి గురించి. తర్వాతి వచనంలోనే వెయ్యి తరాల కరుణ గురించి ఉంది, దాన్నెందుకో తక్కువగా చదువుతారు. యెహెజ్కేలు 18వ అధ్యాయం మీ అబ్బాయితో కలిసి చదవండి. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని అక్కడ సూటిగా ఉంది. కాగితం మాత్రం రాసివ్వకండి. ఇంట్లో ప్రార్థన చేయించుకోండి, అందుకు పేర్ల జాబితా అక్కర్లేదు.

అయితే తాగుడు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనబడుతుంది, డాక్టర్లూ ఈ మాట చెబుతారు. కాబట్టి తాత, ముత్తాతల సంగతి అబ్బాయికి దాచకుండా చెప్పండి. ‘నీకు శాపం ఉంది’ అని కాదు, ‘నువ్వు మొదటి గుక్క దగ్గరే జాగ్రత్తగా ఉండాలి’ అని.

ఇక చదవడం సంగతి. రోజుకో అధ్యాయం పైకి చదవండి, పలకడం తప్పినా ఫర్వాలేదు. పేరు పక్కన ఒక వాక్యం కనబడిన చోట ఆగండి. 4వ అధ్యాయంలో యబ్బేజు ప్రార్థన, రాజు పనికోసం కాపురమున్న కుమ్మరులు, 7లో ఊళ్లు కట్టించిన ఒక ఆడబిడ్డ తగులుతారు. 10వ అధ్యాయంలో సౌలు మరణంతో కథ మళ్లీ పరుగందుకుంటుంది.