బాక్సింగ్‌లో పొడుగువాడి జాబ్ దాటి లోపలికి పోవాలంటే

తమ్ముడూ, నల్లగొండ గ్రౌండ్‌లో స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) చేస్తుంటే పొడుగువాడి దగ్గరికి పోలేకపోతున్నా, ఉరికితే వాడి జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు, మూతి మీద పడుతోంది అన్నావు కదా. ఆ ఉరకడమే బంద్ చెయ్.

ముందు కాలు జానెడు జరుపు, వెంటనే వెనక కాలు కూడా అంతే జరగాలి, రెండూ దగ్గరైనా, ఒకదాన్నొకటి దాటినా చిన్న తోపుకే పడతావు. ఊరికే అడుగు వేయకు, నీ జాబ్ ముందు పాదంతో పాటే పోవాలి. అసలు టైమింగ్ ఏంటంటే, ఉత్తుత్తిగా భుజం కదిపి వాడితో జాబ్ వేయించి, తల పక్కకు తప్పించి, వాడి చెయ్యి వెనక్కి పోతుండగానే నువ్వు లోపలికి దూరాలి.

1971లో బాక్సర్ జో ఫ్రేజియర్ తనకన్నా పొడుగైన ముహమ్మద్ అలీని 15 రౌండ్లు ఇట్లాగే తల ఊపుతూ వెంటపడి పాయింట్ల మీద గెలిచాడు. ఆ వీడియో స్లో చేసి కాళ్లే చూడు, మనోళ్లంతా చేతులే చూస్తారు. లోపలికి పోయాక మాత్రం అక్కడే నిలబడకు, రెండు మూడు కొట్టి పక్కకు జరుగు.