డబుల్ మార్కర్‌లో హై రిస్క్ వస్తే ఉమ్మనీటి పరీక్ష చేయించాలా?

చెల్లీ, డబుల్ మార్కర్ అనే రక్తపరీక్షలో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు సమస్య) ఉండే రిస్క్ 150లో 1 వచ్చిందని, కడపలో మీ డాక్టరమ్మ ఉమ్మనీటి పరీక్ష చేయించమన్నారని రాశావు. ఆ లెక్క ప్రకారం అలాంటి 150 మందిలో 149 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. ముందు ఆ టెన్షన్ కాస్త దించుకో తల్లీ.

నీకిప్పుడు 13వ వారం. ఈ పరీక్షకు కడుపులోంచి సూదితో కొంచెం ఉమ్మనీరు తీసేది 15 వారాలు నిండాకే. ఈలోపు ఎన్‌ఐపీటీ గురించి అడుగు; అది నీ రక్తంలో ఉండే బిడ్డ డీఎన్‌ఏను చూసే రక్తపరీక్ష. ఖర్చు ఎక్కువే, కానీ గర్భానికి ప్రమాదం లేదు. అందులో లో రిస్క్ వచ్చి, స్కాన్ కూడా బాగుంటే చాలామంది అక్కడితో ఆగుతారు. హై రిస్క్ వస్తే మాత్రం ఉమ్మనీటి పరీక్షతో ఖాయంగా తేల్చుకోవచ్చు. అనుభవమున్న డాక్టరు చేస్తే గర్భం పోయే ప్రమాదం 200లో 1 కంటే తక్కువే.

ఫలితం ఏదైనా బిడ్డను కనాలనే మీరిద్దరూ అనుకుంటే, ఈ పరీక్ష వద్దనడం కూడా నీ హక్కే. చేయించుకుంటే, నీది నెగటివ్ బ్లడ్ గ్రూప్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా నీ ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా ఇచ్చేది) సంగతి డాక్టరమ్మను తప్పక అడుగు.