పూరీ వెళ్తూ ఉదయగిరి, ఖండగిరి జైన గుహలు చూడాలా?

తప్పకుండా చూడండి. కాకపోతే భువనేశ్వర్‌లో ట్యాక్సీవాళ్లు ప్యాకేజీలో ఇచ్చే గంటలో చూసేవి కావవి. కనీసం ఒక పూట ఉంచుకోండి.

అనంతపురం నుంచి అంత దూరం పోతున్నాం, అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు, ఖాళీ రాతి గదుల కోసం వాళ్లను గుట్ట ఎక్కించడం అవసరమా అని కదా మీరు అడిగింది. మాది గుత్తి. మేం మా అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లొచ్చాం, ఆవిడకూ మోకాళ్ల బాధే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. మన వైపు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా భువనేశ్వర్ పోతుంది. అనంతపురం, గుంతకల్లు, డోన్, నంద్యాల, ఎక్కడైనా ఎక్కొచ్చు. ఒక రాత్రి, మర్నాడు పగలంతా రైల్లోనే గడుస్తుంది కాబట్టి దిగిన రోజు పెద్దవాళ్లను ఎక్కడికీ తిప్పకండి. మరుసటి రోజు పొద్దున్నే బయల్దేరండి. ఎండెక్కితే ఆ రాయి బాగా కాగుతుంది. స్టేషన్ నుంచి ఆరేడు కిలోమీటర్లే, ఆటోలో ఖండగిరి అంటే చాలు. నెట్‌లో వట్టి ఉదయగిరి అని వెతికితే మన నెల్లూరు జిల్లా కోట వస్తుంది, అది వేరు.

రెండు గుట్టలూ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో రోడ్డు. ఉదయగిరి మీద 18 గుహలు, ఖండగిరి మీద 15. మన గుత్తి కొండంత ఊహించుకుని భయపడొద్దు. రెండూ నలభై మీటర్ల ఎత్తు కూడా లేనివే. టికెట్ ఉదయగిరికి మాత్రమే.

ఉదయగిరిలోకి వెళ్లగానే పైకి ఎక్కకుండా కుడివైపు రాణి గుంఫాకు తిరగండి, గుంఫా అంటే గుహ. అన్నిటికన్నా పెద్దది, రెండంతస్తులది. పెద్దగా ఎక్కే పని లేదు. మూడువైపులా గదులు, మధ్యలో వాకిలి. వరండా గోడల వెంబడి రాతి అరుగులున్నాయి. మా అత్తగారు నీడపట్టున కూర్చుని చుట్టూ ఉన్న బొమ్మలన్నీ అక్కణ్ణుంచే చూశారు. పై అంతస్తు గోడ మీద ఒక రాజు గుర్రం దిగి విల్లు ఎక్కుపెట్టి జింక ముందు నిలబడి ఉంటాడు. పక్కనే చెట్టు మీద ఒక స్త్రీ. అది ఫలానా కథ అని తలా ఒకటి చెబుతారు, మీకు తోచింది మీరు అనుకోవచ్చు. బొమ్మలు చాలాచోట్ల అరిగిపోయాయి. అది మన సీమ గుండ్లలాంటి గట్టి రాయి కాదు, గరుకు ఇసుకరాయి, గాలికీ వానకూ కరుగుతుంది. స్తంభాల్లో చాలావరకు పురావస్తు శాఖ తర్వాత నిలబెట్టినవే.

రాణి గుంఫా రాణిగారి అంతఃపురమని అక్కడి గైడ్లు చెబుతారు. మీరు ఒప్పుకోకండి, ఏదో ఒక గది గుమ్మం ముందు కూర్చుని లోపలికి చూడండి. గుమ్మం ఎంత పొట్టిదంటే దాదాపు పాక్కుంటూ పోవాలి. లోపల చాలా గదుల్లో మనిషి నిటారుగా నిలబడలేడు. కిటికీ లేదు, గూడు లేదు. నేల మాత్రం వెనక గోడ దగ్గరికి పోయేకొద్దీ కాస్త ఎత్తుగా లేస్తుంది, తల పెట్టుకోవడానికి రాతిలోనే తొలిచిన తలగడ అది. అన్నీ వదులుకున్న జైన మునులు వానాకాలం నాలుగు నెలలూ తిరగకుండా ఒకచోట ఉండాల్సి వచ్చినప్పుడు తలదాచుకున్న గదులివి. బయట గోడల మీద ఏనుగులు, నాట్యాలు, వేటలు చెక్కించింది రాజులు. లోపల పడుకున్నవాళ్లకు ఆ తలగడ ఒక్కటే సౌకర్యం. ఈ తేడా చూడకపోతే మీరన్నట్టు ఖాళీ గదులే మిగులుతాయి.

ఓపిక ఉంటే పైన గణేశ గుంఫా (మెట్ల పక్కన రెండు రాతి ఏనుగులు, పిల్లలు వదలరు), నోరు తెరిచిన పులి తలలా చెక్కిన బాఘ్ గుంఫా చూడండి. పులి నోట్లోనే గది గుమ్మం. దాన్ని ఇచ్చింది సభూతి అనే నగర న్యాయాధికారి అని శాసనం ఉంది. ఫొటోలకు అందరూ ఎగబడేది దీని దగ్గరే.

మీరు మాత్రం హాథీ గుంఫా దగ్గర ఎక్కువసేపు ఆగండి. చూడటానికి అదొక మామూలు రాతి గుహ, చెక్కడాలు దాదాపు లేవు. నుదుటి మీద 17 పంక్తుల బ్రాహ్మీ లిపి శాసనం ఉంటుంది. కళింగ రాజు ఖారవేలుడు ప్రాకృతంలో చెక్కించిన తన కథ అది. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల మాట. నమో అరహంతానం అంటూ మొదలవుతుంది, అక్కణ్ణుంచి ఏడాదికేడాది తాను చేసిన పనులు చెప్పుకుంటూ పోతాడు. రెండో ఏట శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యం పంపానంటాడు. మన శాతవాహనుల శాతకర్ణే. ఐదో ఏట, ఎప్పుడో మగధ నేలిన నందరాజు తవ్వించిన కాలువను రాజధాని దాకా తెచ్చానంటాడు. నందరాజు ఎత్తుకుపోయిన జినుడి (జైనులు పూజించే తీర్థంకరుడి) విగ్రహాన్ని మగధ నుంచి వెనక్కి తెచ్చానంటాడు. పదమూడో ఏట ఈ కుమారీ పర్వతం మీద అర్హతుల (జైన మునుల) కోసం గుహలు తొలిపించానంటాడు. వెళ్లేముందు దీని అనువాదం ఒకసారి చదువుకుని వెళ్లండి. లేకపోతే దూరం నుంచి గీతల్లా కనిపించి, రెండు నిమిషాల్లో కదిలిపోతారు.

ఖండగిరి మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మానాన్నలను బలవంతపెట్టకండి, కింద చెట్ల నీడలో కూర్చోబెట్టి మీరు ఎక్కి రండి. అక్కడ అనంత గుంఫా తప్పకుండా చూడాలి. తలుపుల పైన రథమెక్కిన సూర్యుడు, ఏనుగులు నీళ్లు పోస్తున్న లక్ష్మి, పూజలందుకుంటున్న చెట్టు కనిపిస్తాయి. తీర్థంకరుల విగ్రహాలేవీ అని ఉదయగిరిలో వెతుక్కునేవాళ్లకు జవాబు ఖండగిరిలోనే ఉంది. ఖారవేలుడి నాటి గుహల్లో విగ్రహాలు చెక్కలేదు. వందల ఏళ్ల తర్వాత నవముని, బారభుజి గుంఫాల్లో తీర్థంకరులను, వాళ్ల కింద శాసనదేవతలను, అంటే తీర్థంకరులకు తోడుండే దేవతలను చెక్కారు. బారభుజిలో పన్నెండు చేతుల దేవతలున్నారు, పూజలు కూడా జరుగుతుంటాయి, చెప్పులు బయట విడవండి. గుట్ట పైన జైన దేవాలయం ఉంది, అది 19వ శతాబ్దపుది.

కొండముచ్చులు విపరీతం. చేతిలో తినే వస్తువు కనిపించకూడదు. మన రథసప్తమి రోజుల్లో అక్కడ పెద్ద జాతర జరుగుతుంది, గుహలు చూడాలనుకుంటే ఆ వారం మానుకోండి.

మధ్యాహ్నం భోంచేసి భువనేశ్వర్ దగ్గరే ఉన్న ధౌళి కూడా వెళ్లండి, అశోకుడి శాసనం కోసం. కళింగ యుద్ధం జరిగింది అక్కడేనని చెబుతారు. అయినా ఆ యుద్ధం గురించి అశోకుడు బాధపడుతూ చెక్కించిన పదమూడో శాసనం అక్కడ ఉండదు. ఓడినవాళ్ల ఊళ్లో ఆ మాటలు రాయించలేదు. అది మన దగ్గర ఉంది, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండల మీద. అనంతపురంలో ఉంటూ అది చూడనివాళ్లు చాలామంది. మీరూ చూడకపోయుంటే రైలెక్కే లోపల ఒక ఆదివారం వెళ్లి రండి.

అదే రోజు గుంతకల్లు–ఉరవకొండ దారిలోని కొనకొండ్ల కూడా కలుపుకోవచ్చు. దిగంబర జైనులు ఎంతో గొప్పగా తలచుకునే కుందకుందాచార్యులది ఆ ఊరేనని చెబుతారు. ఊరి దగ్గర రససిద్ధుల గుట్ట మీద మూడు గొడుగుల కింద నిలబడ్డ తీర్థంకరుల విగ్రహాలున్నాయి. టికెట్ లేదు, గైడ్ లేడు, నీళ్లు మీరే పట్టుకుపోవాలి. అమ్మానాన్నలకు మోకాళ్లు ఎంతవరకు సహకరిస్తాయో కూడా అక్కడే తెలిసిపోతుంది, దాన్ని బట్టి ఖండగిరి సంగతి నిర్ణయించుకోండి.